రాప్తాడు కాలమానం

జ్యోతిషం శాస్త్రం కాదని జిల్లా అంతటా సభలు పెట్టి చెప్పినవాణ్ణి నేను. అటువంటివాణ్ణి రాప్తాడులో ఒక కంప్యూటర్ జాతకాల బంకులో కూర్చుని, జాతకాలు వేసే యంత్రానికి ఏ హానీ జరగకుండా చూస్తానని మాట ఇచ్చానంటే మా హేతువాద సంఘం మిత్రులు నేటికీ నవ్వుతారు. నవ్వుకోనివ్వండి.

ఆ మాట నా చేత ఇప్పించినది అశ్విని. అనంతపురంలో ఎం.సి.ఎ. చివరి సంవత్సరం చదువుతున్న అమ్మాయి. 2002 నవంబరులో ఒక సాయంత్రం, పట్టుచీరలు మోసే గుడ్డసంచిలో బరువైన నల్లని ల్యాప్‌టాప్ ఒకటి పెట్టుకుని మా ఇంటికి వచ్చింది. కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పి విరమించిన తరువాత నేను లినక్స్ అనే కంప్యూటర్ వ్యవస్థను నేర్చుకుంటున్నానని, పాత కంప్యూటర్లు కనబడితే విప్పి చూడకుండా ఉండలేనని ఆమెకు ఎవరో చెప్పారట.

"సార్, దీంట్లో పాత డాస్ సిస్టం ఉండాది. మా నాయన జాతకాల ప్రోగ్రాం దాంట్లోనే నడుస్తాది. దాన్ని ముట్టుకోకుండా పక్కన విండోస్ 95, లినక్స్, రెండూ ఎక్కించల్ల. అయితాదా సార్?"

"దాన్ని ముట్టుకుంటే ఏమవుతుందమ్మా?"

"ముట్టుకుంటే మా నాయన నన్ను ఈ ల్యాప్‌టాప్ ముట్టుకోనియ్యడు సార్."

విషయం నిదానంగా తెలిసింది. ఆమె ప్రాజెక్టు పని లినక్స్ మీదనే జరగాలి. వ్యాసం టైపు చేయడానికి విండోస్ కావాలి. కళాశాల ల్యాబులో యంత్రం ముందు వంతు వచ్చేసరికి రాప్తాడుకు బస్సు వేళవుతుంది. ఇంట్లో ఒక యంత్రం ఉంటే తప్ప మార్చిలోగా ప్రాజెక్టు పూర్తి కాదు. ఇంట్లో ఉన్న యంత్రం ఇదొక్కటే. తండ్రి ఒప్పుకున్నాడు గాని ఒక షరతు పెట్టాడు. జాతకాల పనికి ఆటంకం కలిగిన రోజున కొత్తగా ఎక్కించినవన్నీ తీసేయాలి, అమ్మాయి మళ్ళీ దాని జోలికి రాకూడదు.

ఆ తండ్రి, శ్రీరంగప్ప, నాకు పరిచయస్థుడే. ధర్మవరంలో మగ్గం నేసిన కుటుంబం. నేతలో గిట్టుబాటు కాక, మేనమామ దగ్గర నేర్చిన పంచాంగ గణితాన్ని ఆసరా చేసుకుని, బెంగళూరు పట్టు వ్యాపారి ఒకడు వాడి వదిలేసిన ఈ ల్యాప్‌టాప్ కొని, హైవే పక్కనున్న ఇంటి ముందు గదిలో ఈ జాతకాల బంకు పెట్టాడు. ఒకసారి రాప్తాడు సభలో నేను గ్రహాల దూరాలు చెబుతుంటే చివరి వరుసలో లేచి నిలబడి, "దూరం సరే సార్, సూర్యుడు గూడా దూరమే గదా, ఎండ ఈడికి తగల్లేదా?" అని అడిగాడు. సభంతా నవ్వింది. నేనూ నవ్వాను. జవాబు చెప్పాను గాని, ఆ నవ్వు ముందు నా జవాబు ఎవరికీ వినబడలేదు.

ఒక శనివారం ఉదయం ఫ్లాపీల పెట్టె పట్టుకుని ఆ బంకుకు వెళ్ళాను. ల్యాప్‌టాప్ మూత మీద పసుపు కుంకుమల బొట్లు. పక్కన పెద్ద శబ్దంతో ముద్రించే పాత ప్రింటరు. శ్రీరంగప్ప కుర్చీ తుడిచి వేశాడు.

"కూసోండి సార్. పదిన్నరదాకా రాహుకాలం. అది పోయినంక మొదులుపెడదాం."

"శ్రీరంగప్పా, నాకు రాహుకాలం లేదు."

"మీకు లేకపోతే పాయ. కరెంటుకు ఉండాది గదా సార్."

నిజమే. తొమ్మిది నుంచి కోత. ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, కరెంటు లేకపోతే యంత్రం లేదు. పదీ ఇరవైకి ఫ్యాను తిరిగింది. శ్రీరంగప్ప నా వైపు చూశాడు. కోతల వేళలు వారానికొకసారి మారతాయని, రాహుకాలం వేళలు రోజుకొకటి అని, రెండూ ఎప్పుడో ఒకప్పుడు కలవక తప్పదని చెబుదామనుకున్నాను. ఆయన టీ తెప్పించాడు. తాగాను.

పని ఆసక్తికరమైనది. ఆ ల్యాప్‌టాప్ డిస్కులో ఉన్న చోటు ఇవాళ ఒక సినిమాకు కూడా చాలదు. అందులోనే డాస్, విండోస్, లినక్స్ అనే ముగ్గురికి కాపురం పెట్టాలి. డాస్ ఫైళ్ళు డిస్కు అంతటా చెదిరి ఉన్నాయి. మొదట వాటన్నిటినీ ఒక వైపుకు చేర్చాలి, ఖాళీ అయిన భాగానికి గట్టు వేయాలి, గట్టుకు ఇవతల డాస్ పక్కనే విండోస్‌ను, అవతల లినక్స్‌ను దింపాలి. గట్టు ఒక్క అడుగు తప్పు వేసినా జాతకాలన్నీ పోతాయి. అందుచేత ముందుగా శ్రీరంగప్ప ప్రోగ్రామును రెండు కట్టల ఫ్లాపీల్లోకి నకలు తీసి, ఒక కట్ట ఆయన చేతికే ఇచ్చి, యంత్రానికి ఏ హానీ జరగనివ్వనని మాట ఇచ్చాను. ఆయన దాన్ని పంచాంగం పుస్తకాల మధ్య పెట్టి దండం పెట్టాడు.

చెదిరిన ఫైళ్ళు తెర మీద చిన్న చిన్న గళ్ళుగా కనబడుతూ, ఒకటొకటిగా పైకి జరుగుతుంటే తండ్రీకూతుళ్ళిద్దరూ తలలు దగ్గరగా పెట్టి చూశారు.

"మగ్గం మీద చీరకు గళ్ళు కట్టినట్ల ఉండాది మ్మే," అన్నాడు శ్రీరంగప్ప.

"నాయనా, మీద పడొద్దు, వైరు ఊడొస్తాది."

ఆ ల్యాప్‌టాప్‌కు సీడీ డ్రైవు లేదు. విండోస్ తరువాత లినక్స్ మొత్తాన్ని కూడా ఫ్లాపీల మీదుగానే ఎక్కించవలసి వచ్చింది. నడిమధ్యలో ఒక ఫ్లాపీ చెడింది. ఇంటికి పోయి మళ్ళీ రాసుకొచ్చి, ఆదివారం మొదలుపెట్టాం. చివరలో అది కొన్ని చిన్న ప్రశ్నలు అడిగింది: కీబోర్డు ఏది, మౌసు ఏది, యంత్రం లోపలి గడియారం ప్రపంచ ప్రామాణిక కాలంలో ఉంచాలా, స్థానిక కాలంలోనా అని. అన్నింటికీ జవాబులు ఇచ్చాను. యంత్రాన్ని ఆపి మళ్ళీ వెలిగించగానే మూడు పేర్లతో చిన్న పట్టిక వచ్చింది. డాస్ ఎంచుకుంటే జాతకం, విండోస్ ఎంచుకుంటే టైపు, లినక్స్ ఎంచుకుంటే నల్లని తెర మీద తెల్లని అక్షరాలు. అశ్విని ఆ నల్లని తెర ముందు నుంచి సందేళదాకా లేవలేదు.

"ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు, మీరు మూడు దూర్చినారు," అన్నాడు శ్రీరంగప్ప నన్ను బస్సు ఎక్కిస్తూ.

తరువాత కొన్నాళ్ళు కబురు లేదు. ప్రాజెక్టు చకచకా సాగుతున్నదనుకున్నాను. డిసెంబరు మొదటి వారంలో ఒక సోమవారం అశ్విని ఫోను చేసింది. "సార్, ఒకసారి వస్తారా? నాయన తీసెయ్యమంటాన్నాడు."

నేను వెళ్ళేసరికి బంకు ముందు గొడవ. పక్క పల్లె రైతు కుళ్ళాయప్ప ఒక ప్రింటు కాగితాన్ని శ్రీరంగప్ప ముఖం ముందు ఆడిస్తున్నాడు.

"ఏమప్పా శ్రీరంగప్పా, నేను నీ కాడికి ఎప్పుడొచ్చినా? సంగటి తిని, కునుకు తీసి, మూడున్నరకు వచ్చినా. ఈడేమో పొద్దున పది గంటలని కొట్టినావు. మా కోడలు చదివి నగతాంది, 'మామా, పొద్దున పదికి నువ్వు మా కళ్ళ ముందర చెనిక్కాయలు వొలస్తాంటివి గదా' అని!"

"తప్పు పడింది కుళ్ళాయన్నా. మల్ల ఏసిస్తా."

"ఏస్తావులే. నా ఎనుము మాత్రం ఆడ యాడ తిరుగుతాండాదో. పోయి దేవులాడుకుంటా." కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

విషయం ఇది. కుళ్ళాయప్ప ఎనుము, అంటే గేదె, తప్పిపోయింది. ఆదివారం మధ్యాహ్నం వచ్చి ప్రశ్న అడిగాడు. ప్రశ్న జాతకంలో పుట్టిన వేళతో పని లేదు. అడిగిన క్షణమే దాని పుట్టుక. ఆ క్షణానికి తూర్పున ఏ రాశి ఉదయిస్తున్నదో అదే లగ్నం, దాన్ని బట్టే ఫలితం. ప్రోగ్రాము ఆ క్షణాన్ని యంత్రపు గడియారం నుంచి తీసుకుంటుంది. గడియారం తప్పితే అంతా తప్పే.

"మూడున్నరకు మేష లగ్నం సార్. పోయిందాన్ని తూర్పున ఎదకల్ల. ఇదేమో పదింటికి లెక్క ఏసి, మకరం అని, దచ్చిణం చూపిచ్చినాది. అయినా నేను మీమాంసకు పోను. లినక్సు వచ్చినప్పట్నుంచే ఈ గడియారం మొండికేస్తాంది. ఈ పొద్దే తీసెయ్యండి."

అశ్విని తలుపు పక్కన నిలబడి ఉంది.

జ్యోతిషంలో లెక్క తప్పినందుకు నాకు విచారం లేదు. కాని యంత్రపు గడియారం ఊరకే తప్పదు. ఎందుకు తప్పిందో తెలియకుండా లినక్స్‌ను తీసేయడం, దయ్యం పట్టిందని వేపమండలతో కొట్టడం వంటిదే. "ఈ పూటకు గడువు ఇవ్వండి. కారణం చూపించలేకపోతే నేనే తుడిచేసి పోతాను," అన్నాను.

మొదటి అనుమానం లోపలి బటన్ సెల్లు మీద. యంత్రం ఆపినప్పుడు గడియారాన్ని నడిపేది అదే. డాస్‌లో నా చేతిగడియారం చూసి వేళ సరిచేసి, ఆపి, కొంతసేపు ఆగి మళ్ళీ వెలిగించాను. నిమిషం తేడా లేదు. సెల్లు బాగానే ఉంది. తరువాత విండోస్ తెరిచి మూశాను. తేడా లేదు. ఇక మిగిలింది లినక్స్. తెరవగానే దొరికిపోయింది. పట్టపగలు పదకొండు దాటితే అది సాయంత్రం నాలుగున్నర దాటిందంటున్నది.

"చూసినారా సార్, నేను చెప్పలా!" అన్నాడు శ్రీరంగప్ప.

తొందరపడకుండా లినక్స్‌ను అట్లాగే మూసి, మళ్ళీ డాస్ తెరిచాను. డాస్‌లో పదకొండుంబావు. సరిగ్గా ఉంది.

ముగ్గురం తెర వైపే చూస్తూ కూర్చున్నాం. లినక్స్ తాను తప్పు చెబుతున్నది గాని, డాస్‌ను చెడగొట్టడం లేదు. పైగా లినక్స్ చూపేది ముందుకు, కుళ్ళాయప్ప కాగితంలో పడ్డది వెనక్కు. ఏ వ్యవస్థనూ విడిగా నేరస్థురాలిగా నిలబెట్టలేకపోయాను. నిజం చెప్పాలంటే అప్పుడు నాకు పనిలోని అసలు ఆనందం మొదలైంది. మళ్ళీ లినక్స్ తెరిచాను, మూశాను, డాస్ తెరిచాను. మళ్ళీ సరిగ్గానే ఉంది.

"ఆదివారం మధ్యాహ్నం దీన్ని ఎవరు వాడారు?" అని అడిగాను.

"నేనే సార్," అన్నది అశ్విని. "నాయన బువ్వకు పోయినప్పుడు లినక్సులో ఉంటి."

"గడియారం ముందుకు ఉన్నట్టు కనబడలేదా?"

ఆమె తండ్రి వైపు చూసింది. "కనపడినాది. దినామూ కనపడతాది. దినామూ సరి చేస్తాండా. చెప్తే నాయన తీసెయ్యమంటాడని చెప్పల్యా."

శ్రీరంగప్ప మీసం కింద పెదవి కొరుక్కున్నాడు. నేను ఆయన వైపు తిరిగాను. "మీకు డాస్‌లో తేడా ఆదివారమే కనబడిందా?"

"లేదు సార్," అన్నాడు. "నేనూ దినాము పొద్దున రేడియోలో టైము చెప్పినప్పుడు సరి పెడతాండా. మిషను ముసలిదైపాయ అనుకుంటి. బయటికి చెప్తే బంకుకు ఎవురొస్తారు?"

అశ్విని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగలేదు. సందేళ కూతురు లినక్స్‌లో గడియారాన్ని దిద్దుతుంది. దాంతో డాస్‌లో అది చెడుతుంది. పొద్దున తండ్రి డాస్‌లో దిద్దుతాడు. దాంతో లినక్స్‌లో చెడుతుంది. ఒకరికొకరు చెప్పుకోకుండా రోజుకు రెండుసార్లు ఒకరి పనిని ఒకరు పాడు చేసుకుంటున్నారు. ఆదివారం మాత్రం కూతురు దిద్దింది మధ్యాహ్నమే. తండ్రికి మళ్ళీ దిద్దే వేళ రాకముందే కుళ్ళాయప్ప ఎనుము కోసం వచ్చాడు.

"మరి తేడా ఎంత?" అన్నాను. "మూడున్నరకూ పదికీ."

"అయిదున్నర," అన్నది అశ్విని. అంటూనే ఆగింది. "సార్, అది మనకూ గ్రీనిచ్‌కూ ఉండే తేడా గదా?"

అదే. లినక్స్ అడిగిన చివరి ప్రశ్నల్లో గడియారం ప్రశ్నకు నేను 'ప్రపంచ ప్రామాణిక కాలం' అని జవాబు ఇచ్చాను. శాస్త్రీయంగా ఆలోచించేవాడు ఎవడైనా అదే అంటాడు. అందువల్ల లోపలి గడియారంలో ఉన్నది గ్రీనిచ్ వేళ అనుకుని, లినక్స్ దానికి అయిదున్నర గంటలు కలిపి చూపుతున్నది. డాస్‌కు ఈ లోకజ్ఞానం లేదు. గడియారంలో ఏది ఉంటే అదే ఊరి వేళ అనుకుంటుంది. ఒకే గడియారాన్ని ఇద్దరు రెండు రకాలుగా చదువుతున్నారు.

విన్న తరువాత శ్రీరంగప్ప నెమ్మదిగా అన్నాడు. "అంటే దినామూ సందేళ నా మిషన్లో లండన్ టైము పెట్టినట్లా?"

"ఒక విధంగా అంతే."

"తెల్లోళ్ళు పోయి యాభై ఏండ్లు దాటె గదా సార్!"

రెండు మార్గాలున్నాయని చెప్పాను. గడియారాన్ని ప్రపంచ కాలంలోనే ఉంచి, డాస్ ప్రోగ్రాముకు ప్రతిసారీ అయిదున్నర కలపడం ఒకటి. నా మనసు దాని మీదే ఉంది. భూమి మీద ఎక్కడికి పోయినా ఒకటే కాలం, అది చక్కని ఏర్పాటు. రెండోది, గడియారాన్ని రాప్తాడు వేళకే ఉంచి, ఆ సంగతి లినక్స్‌కు చెప్పడం.

"సార్, మీ లినక్సుకు లెక్కలు బాగా వచ్చంటిరి గదా. కూడికలు తీసివేతలు దాన్నే చేసుకోనీండి. నా డాసు ముసిల్ది, దాన్ని సతాయించొద్దు."

ఆ వాదంలో లోపం కనబడలేదు. లినక్స్‌లో ఒక చిన్న ఫైలు తెరిచి, అశ్విని చేతనే ఒక్క మాట మార్పించాను. మూడింటినీ వరుసగా తెరిచాం. మూడూ ఒకే వేళ చెప్పాయి. అశ్విని తండ్రి ముఖం వైపు చూసింది.

శ్రీరంగప్ప ముఖం మాత్రం తేటపడలేదు. "మిషను సంగతి తేలె. కుళ్ళాయన్న సంగతి తేలలా. నన్ను నమ్మి అడిగినోనికి తప్పు దిక్కు చూపిచ్చినా. రేపు ఊరంతా చెప్పకుంటాడా? ఆయప్ప ఏమంటాడో చూసినంక లినక్సు ఉంచేదీ తీసేదీ చెప్తా. అంతవరకు దాన్ని తెరవొద్దు మ్మే."

ఆయన ఆదివారం మూడున్నర వేళ వేసి, మేష లగ్నానికి కొత్త కాగితం తీశాడు. తూర్పు దిక్కు, దొరకుట కష్టము, ఆశ వదులుకొనవలెను.

అశ్విని పుస్తకాల సంచి భుజాన వేసుకుని నన్ను బస్సుదాకా దిగబెట్టింది. "ఎనుము దొరకకపోతే నా ప్రాజెక్టు పోయినట్లే సార్," అన్నది. నవ్వుదామని చూసింది గాని చేతకాలేదు. హేతువాదం నాకు ఆ క్షణంలో ఒక్క ఓదార్పు మాటనూ అందివ్వలేదు.

మర్నాడు నా అంతట నేనే వెళ్ళాను. నేను కూర్చున్న కాసేపటికి కుళ్ళాయప్ప వచ్చాడు, మోకాళ్ళదాకా ఎండిన బురదతో. శ్రీరంగప్ప లేచి నిలబడి, ముందే సిద్ధం చేసుకున్నట్టు గబగబా చెప్పాడు.

"కుళ్ళాయన్నా, ఆ పొద్దు మిషన్లో టైము తప్పు. నా తప్పే. మూడున్నరకు మల్ల ఏసినా. ఇదో సరైన కాగితం. ఒక్క రూపాయి వద్దు. నువ్వు తూరుపు దిక్కు..."

"తూరుపు ఏందప్పా? ఎనుము దొరికె!"

"యాడ?"

"దచ్చిణాన. ధర్మవరం దోవలో కంకర మిషను కాడ పెద్ద గుంత లేదా? దాంట్లో గొంతుదాకా మునిగి, రాణి మాదిరి కూచోనుండాది. నాలుగు కేకలేస్తే గానీ లేయల్యా."

శ్రీరంగప్ప చేతిలోని కాగితం చేతిలోనే ఉండిపోయింది. నాకు ఒక ప్రశ్న మిగిలింది. అడిగాను. "కుళ్ళాయప్పా, ఈ చుట్టుపక్కల ఇప్పుడు నీళ్ళున్న గుంతలు ఎన్ని ఉన్నాయి?"

"యాడుండాయి సార్? మూడేండ్లుగా వాన ల్యాకపాయ. అదొక్కటే."

"మరి ఎనుము నీళ్ళకు పోతుందని మీకు తోచలేదా?"

"తోచకేం? అయినా కాగితంలో ఉండాది గదా, ఎందుకైనా మంచిదని అటే పోయినా." నా వైపు చూసి కన్ను గీటాడు. ఎవరి మీద ఎగతాళో ఇప్పటికీ నాకు నిశ్చయంగా తెలియదు.

శ్రీరంగప్ప తేరుకున్నాడు. "అన్నా, అది తప్పు టైముకు ఏసింది. ఇది తీసుకో. ఇదే సరైంది."

"సరైంది నాకేంటికి?" కుళ్ళాయప్ప రెండడుగులు వెనక్కి వేశాడు. "దొరకదని ఉండాదేమో దాంట్లో? వద్దప్పా సామీ. తప్పుదే నాకు సరిపాయ. మల్ల ఎప్పుడన్నా వస్తే నాకు ఆ టైముకే ఎయ్యి." జేబులోని పాత కాగితాన్ని తడిమి చూసుకుని, ఎనుముకు ఎండుగడ్డి వేయాలంటూ వెళ్ళిపోయాడు.

బంకులో ప్రింటరు మీద ఎండ పడుతున్నది. నేను ఆ క్షణంలో చాలా చెప్పగలిగి ఉండేవాణ్ణి. ఒక దిక్కు తప్పు లెక్కకూ, ఒక దిక్కు సరైన లెక్కకూ వస్తే, రెండింటినీ వంద మంది ఎనుముల మీద పరీక్షించి చూడవలసి ఉంటుందని, ఆ పరీక్షకు నేను సిద్ధమని. శ్రీరంగప్ప ముఖం చూసి ఊరుకున్నాను. ఆయన ఆ ప్రశ్నను నా సహాయం లేకుండానే తనకు తానే వేసుకుంటున్నాడు.

"తప్పుకు వేసింది నిజమైపాయ," అన్నాడు చివరకు. "సరైంది అబద్ధమాయ. దీనికి పంచాంగంలో ఏం జవాబు ఉండాదో నాకు తెలీదు. మీ సైన్సులో ఉంటే ఇప్పుడు చెప్పొద్దండి సార్, ఇంకోసారి వింటా."

కుళ్ళాయప్ప తీసుకోని కాగితాన్ని ఒకసారి చదివాడు. చించుతాడనుకున్నాను. చించలేదు. తిరగేసి చూశాడు. వెనక వైపు తెల్లగా ఉంది. లోపలి గదిలోంచి తొంగి చూస్తున్న కూతురిని పిలిచి, దాన్ని ఆమె చేతిలో పెట్టాడు.

"నీ ప్రోగ్రాములు రాసుకునేదానికి కాగితాలు లేవంటివి గదా మ్మే. వెనక పక్క రాసుకో. నాకు బేరం లేనప్పుడే లినక్సు తెరువు. ఇంగ గడియారం జోలికి మాత్రం పోవద్దు."

అశ్విని ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకుంది. శ్రీరంగప్ప కుర్చీ ఆమెకు వదిలి, నాకొక టీ చెప్పి రావడానికి రోడ్డు దాటాడు.